కొడుకు వాటాకు వచ్చిన కాగితాలు

సంగీతం మీద విమర్శ రాయడానికి నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాఖర్చులు తప్ప వేరే శాస్త్రం తెలియదు. అయినా ఒక జర్మన్ చర్చి సంగీతకారుడి గురించి ఈ నాలుగు పేజీలు రాయాలనిపించింది. ఆయన పేరు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ బాఖ్. పాశ్చాత్య సంగీతానికి పెద్దదిక్కుగా చెప్పుకునే యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌కు పెద్ద కొడుకు. లోకం ఈయన్ని ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఈయన కట్టిన సంగీతంవల్ల కాదు, తండ్రి రాసిన కాగితాలు అమ్ముకుతిన్నాడన్న అపవాదువల్ల. ఆ అపవాదులో నిజమెంత, ఈయన సంగీతంలో బలమెంత అన్నదే ఈ వ్యాసం. కురుడుమలెలో కూర్చుని దీన్ని ఎందుకు రాస్తున్నానో చివర్లో చెబుతాను.

2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్.లో బంగారు గనులు మూతపడ్డాయి. అంతకు ముందు రెండేళ్లు నేను అక్కడి బ్రాంచిలో ఉన్నాను. గనిలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దాయన నెలకోసారి పెన్షనుకు వచ్చేవాడు. ఆదివారం తన చర్చిలో తెలుగు ఆరాధనకు హార్మోనియం వాయించేవాడు. మా నాయన కూడా ములబాగల్ చుట్టుపక్కల భజనలకూ వీధి నాటకాలకూ హార్మోనియం మాస్టరని ఎవరో ఆయనకు చెప్పినట్టున్నారు. ఒకరోజు, "మీ నాయన గూడా పెట్టె వాయించేవాడంట గదా సార్, ఇది ఇని చూడండి" అని ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాడు. ఒకవైపు తండ్రి బాఖ్ ఆర్గన్ సంగీతం, రెండోవైపు కొడుకు పొలొనేజులు.

నెల తర్వాత తిరిగి ఇస్తూ, తండ్రి సంగీతం గొప్పగా ఉందిగానీ కొడుకుది ఎటు పోతోందో తెలియలేదన్నాను. ఆయన నవ్వి, "రాగం ఏందని ఎతుక్కుంటా ఉంటే తెలీదు సార్. మాట మాదిరి ఇనండి" అన్నాడు. ఆయన వాయించే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. అదే పుస్తకంలో పాశ్చాత్య వరసల్లో పాడే పాటలూ ఉన్నాయి. ఆ రెంటినీ ఒకే పెట్టె మీద వాయించే మనిషి మాట గనక నమ్మాను.

ఆర్గన్ అంటే మన హార్మోనియంకు పెద్దన్న అనుకుంటే సగమే నిజం. హార్మోనియంలో గాలికి అదిరేవి చిన్న లోహపు రీడ్లు. చర్చి ఆర్గన్‌లో గాలి వెళ్లేది వందల, ఒక్కోచోట వేల గొట్టాల్లోకి. మన వాయిద్యకుడు ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఒక చేత్తో వాయిస్తాడు. అక్కడ ఆ కాలంలో తిత్తులు తొక్కడానికి వేరే మనుషులుండేవాళ్లు. వాయించేవాడి చేతులకు రెండు మూడు వరసల మెట్లు, కాళ్లకు ఇంకో వరస. తండ్రి బాఖ్ ఆర్గన్‌కు ఆరు సొనాటాలు కట్టాడు. కుడిచేతికి ఒక పాట, ఎడమచేతికి ఇంకో పాట, కాళ్లకు మూడోది. మూడూ దేనికదే నడుస్తూ ఒకదానికొకటి అడ్డం రాకూడదు. అవి పెద్ద కొడుకు సాధన కోసం కూర్చినవని తండ్రి బాఖ్ మొదటి జీవిత చరిత్ర రాసిన ఫోర్కెల్ చెబుతాడు. ఈ ఆరూ ఇప్పటికీ ఆర్గన్ వాద్యకులకు గట్టి పరీక్షే. కొడుకు మీద తండ్రి పెట్టుకున్న ఆశ ఎంతటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫ్రీడెమాన్ 1710 నవంబరు 22న వైమార్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో, 1720 జనవరిలో, తండ్రి ఆయన కోసం ఒక సాధన పుస్తకం మొదలుపెట్టాడు. ఈనాడు ప్రపంచమంతా పియానో విద్యార్థులు వాయించే ఇన్వెన్షన్ల తొలిరూపాలు అందులోనే ఉన్నాయి. ఆ సంవత్సరమే తల్లి చనిపోయింది. 1723లో కుటుంబం లైప్‌జిగ్ చేరింది. అక్కడే ఫ్రీడెమాన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. 1733లో డ్రెస్డెన్ నగరంలో సోఫియా చర్చి ఆర్గనిస్టు ఉద్యోగం ఖాళీ అయితే కొడుకు పేరుతో దరఖాస్తు రాసింది తండ్రే. బ్యాంకులో అలాంటి కాగితం నా టేబులు మీదికి వస్తే సంతకం తేడా అని వెనక్కి పంపేవాణ్ణి. విశ్వవిద్యాలయంలో చదివిన ఇరవైరెండేళ్లవాడికి తండ్రి దరఖాస్తు రాసిపెట్టడం ప్రేమా, అనుమానమా? ఫ్రీడెమాన్ జీవితంలోని చిక్కంతా ఈ ఒక్క కాగితంలో ఉందనిపిస్తుంది నాకు.

1746లో హాలే నగరంలో మార్కెట్ దగ్గరి లీబ్‌ఫ్రావెన్ చర్చికి ఆర్గనిస్టుగా వెళ్లాడు. చిన్న పదవి కాదు. హాండెల్ పుట్టిన ఊరది. హాండెల్ గురువు త్సాఖోవ్ వాయించిన చర్చి అది. తండ్రి బాఖ్‌కే 1713లో ఆ ఉద్యోగం ఇవ్వజూపితే ఆయన కాదన్నాడు.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగాలి. ఆ చర్చి నుంచి నడిచిపోయేటంత దూరంలో ఫ్రాంకే అనే మతాచార్యుడు స్థాపించిన అనాథాశ్రమమూ, దాని అచ్చుకూటమూ ఉన్నాయి. తరంగంబాడిలోనూ మద్రాసులోనూ ఇరవై ఏళ్లకు పైగా ఉండి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ 1743లో హాలేకు తిరిగి వెళ్లాడు. 1746, 47 సంవత్సరాల్లో అక్కడ ఆయన తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చు చరిత్ర మొదలయ్యేది వాటితోనే. అంటే ఫ్రీడెమాన్ ఆర్గన్ ముందు కూర్చున్న సంవత్సరమే ఆ ఊళ్లో మన అక్షరాలు కాగితం మీదికి ఎక్కాయి. వాళ్లిద్దరూ కలుసుకున్నారని నేననను. కానీ కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివిన నాలాంటివాడికి ఈ సంగతి చిన్నది కాదు. మన లిపికి అంత దూరాన, మనవాడు కాని మనిషి చేతుల్లో ఆదరణ దొరికింది.

హాలేలో ఆయనకు కలిసిరాలేదు. 1750లో తండ్రి చనిపోయాక లైప్‌జిగ్ వెళ్లి సెలవు దాటి ఉండిపోయినందుకు చర్చి పెద్దలు మందలించారు. 1756 నుంచి ఏడేళ్ల యుద్ధం. శత్రుసైన్యాలు ఊళ్లోకి వచ్చి పన్నులు గుంజాయి. ఫ్రీడెమాన్ భార్య వైపు ఆస్తిమీద కూడా పన్ను పడింది. తగ్గించమని అర్జీ పెడితే మళ్లీ చీవాట్లు. 1764లో వేరే ఉద్యోగం చేతిలో లేకుండానే రాజీనామా ఇచ్చాడు. మోట్సార్ట్ సాల్జ్‌బర్గ్ కొలువు వదిలింది 1781లో. అంతకు పదిహేడేళ్ల ముందే నెలజీతం వదిలిన సంగీతకారుడు ఈయన. ఆ తర్వాత బతికిన ఇరవై ఏళ్లూ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. బ్రౌన్‌ష్వైగ్, ఆ తర్వాత 1774లో బెర్లిన్. కచేరీలు, పాఠాలు. 1784 జులై 1న పేదరికంలో పోయాడు.

ఇక సంగీతం సంగతి. పెద్దాయన "మాట మాదిరి ఇనండి" అన్నది పన్నెండు పొలొనేజుల గురించి. పొలొనేజు మూడు మాత్రల నాట్యపు వరస. రాజసభల్లో అడుగులేసే సంగీతం. ఈయన చేతిలో అది నాట్యం మానేసి కూర్చుని మాట్లాడుతుంది. పన్నెండింటిలో ఆరు మేజర్ శ్రుతుల్లో, ఆరు మైనర్‌లో. మైనర్‌లో ఉన్నవి వినండి. ఒక మాట మొదలవుతుంది, గొంతు పట్టుకున్నట్టు ఆగుతుంది, ఇంకోవైపు తిరుగుతుంది. మన ఆలాపనలో రాగం హద్దు ముందే తెలుసు గనక, ఎంత దూరం పోయినా తిరిగి షడ్జానికి వస్తాడని ధైర్యంగా కూర్చుంటాం. ఇక్కడ ఆ ధైర్యం ఉండదు. వస్తాడు, కానీ మనం అనుకున్న దారిన రాడు. మొదటిసారి నాకు అదే లోపంగా తోచింది. ఇరవై ఏళ్లు విన్నాక ఆయన గుణం అదేనని తెలిసింది.

డి మైనర్ సింఫొనీలో రెండు వేణువులూ తీగ వాద్యాలూ ఉంటాయి. మొదటి భాగం విలంబం. రెండోది ఫ్యూగ్. భజన గోష్ఠిలో ముందువాడు పల్లవి ముగించి ఇంకా పాడుతుండగానే రెండోవాడు అదే పల్లవిని వేరే శ్రుతిలో ఎత్తుకుని, వాడూ దాన్ని ముగించి పాడుతుండగానే మూడోవాడు అందుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే ఫ్యూగ్. తండ్రి ఫ్యూగులు కట్టిన గోడల్లా ఉంటాయి, ఏ రాయి తీసినా కూలుతుంది. కొడుకు ఫ్యూగ్‌లో ఆ పనితనం ఉంది, లోపల ఒక అలజడి కూడా ఉంది.

లోపాలూ చెప్పాలి. చర్చి కోసం కట్టిన కాంటాటాల్లో గొంతును వాద్యంలా వాడాడు. పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆలోచించినట్టు లేదు. మాటకు తగ్గ పాట కట్టడంలో తండ్రికి ఉన్న నేర్పు ఈయనకు లేదు. రాసింది తక్కువ. 1745లో ఆరు సొనాటాలు అచ్చువేయిద్దామని మొదలుపెట్టి, మొదటిది అమ్ముడుపోక ఆపేశాడు. కాలం కూడా అడ్డం తిరిగింది. నాలుగు పాటలు ఒకేసారి నడిచే తండ్రి పద్ధతి జనానికి బరువైపోయింది. ఒక్క పాట, దానికి తేలికైన తోడు చాలన్నారు. తమ్ముడు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయేల్ ఆ మార్పును గ్రహించి ప్రష్యా రాజు దగ్గరా, తర్వాత హాంబర్గ్‌లోనూ పేరు తెచ్చుకున్నాడు. అన్న మాత్రం పాతది వదలలేదు, కొత్తదానికి పూర్తిగా లొంగలేదు. అన్నదమ్ముల్లో ఎవరి సంగీతం లోతైందంటే నేను అన్ననే చెబుతాను. ఎవరు తమ పని సరిగ్గా చేసుకున్నారంటే తమ్ముణ్ణి.

అసలు అపవాదు దగ్గరికి వద్దాం. తండ్రి రాతప్రతుల్లో ఎక్కువ భాగం ఈ ఇద్దరికీ వాటాలుగా వచ్చింది. తమ్ముడు తన వాటాను జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఆయన చనిపోయాక 1790లో ఆ సొత్తుకు జాబితా కూడా అచ్చయింది. ఫ్రీడెమాన్ వాటా ఆయనతో ఊళ్లు తిరిగింది, అవసరం వచ్చినప్పుడల్లా కొంత అమ్ముడుపోయింది. బెర్లిన్ వెళ్తూ కొన్నింటిని బ్రౌన్‌ష్వైగ్‌లో ఒక ప్రొఫెసరు దగ్గర వదిలి వేలం వేయమన్నాడు. 1778లో, ఆ వేలం సంగతి ఏమైందని ఉత్తరం రాశాడు. తండ్రి ఐదు సంవత్సరాల ఆదివారాలకూ పండగలకూ సరిపడా కాంటాటాలు కట్టాడని 1754లో అచ్చయిన సంస్మరణలో ఉంది. నేడు మిగిలినవి రెండు వందల చిల్లర. లెక్క వేస్తే దాదాపు నూరు పోయాయి. పోయినవాటిలో ఎక్కువ పాలు ఫ్రీడెమాన్ వాటావేనని పండితుల అంచనా. ఈ పద్దు ఆయన ఖాతాలో రాయక తప్పదు.

ఇంకో నేరం. తండ్రి వివాల్డి కచేరీ ఒకదాన్ని ఆర్గన్‌కు మలచి రాసుకున్న కాగితం మీద ఫ్రీడెమాన్, ఇది నాది, మా నాయన చేత్తో రాసింది అని అర్థం వచ్చేట్టు రాసిపెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో అది కొడుకు పేరుతోనే అచ్చయింది. అసలు సంగతి 1911లో బయటపడింది. ఫోర్జరీ అనే అనాలి. అయితే ఖాతాకు రెండోవైపు కూడా ఉంటుంది. రెండు హార్ప్‌సికార్డులకు ఫ్రీడెమాన్ కట్టిన ఎఫ్ మేజర్ రచనను తండ్రి తన చేత్తో నకలు రాసుకున్నాడు. ఆ చేతిరాతను చూసి తర్వాతివాళ్లు దాన్ని తండ్రి రచనల సంపుటిలో వేశారు. కొడుకు రాసింది తండ్రి తన చేత్తో ఎత్తి రాసుకున్నాడంటే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? ఇంకొకటి. లూథర్ కీర్తన మీద తండ్రి కట్టిన ప్రసిద్ధ కాంటాటాలో బాకాలూ నగారాలూ మోగుతాయి. చాలాకాలం అదంతా తండ్రి ఘనతే అనుకున్నారు. ఆ బాకాలు తండ్రివి కావు, హాలేలో లాటిన్ మాటలు పెట్టి పాడించడం కోసం కొడుకు చేర్చినవి. తండ్రి కాగితాలను ఆయన ఊరికే అమ్ముకోలేదు, వాయించాడు కూడా.

1858లో బ్రాఖ్‌ఫోగెల్ అనే రచయిత ఫ్రీడెమాన్ మీద నవల రాశాడు. 1941లో దాని మీదుగా సినిమా వచ్చింది. మహానుభావుడికి పుట్టిన చెడిపోయిన కొడుకు అన్న బొమ్మ జనంలో నాటుకున్నది వాటివల్లే. కథకు అలాంటి కొడుకు కావాలి. కానీ బెర్లిన్‌లో ఈ చెడిపోయినవాడి దగ్గర హార్ప్‌సికార్డ్ నేర్చుకున్న సారా లెవీ తన గురువు రచనలనూ బాఖ్ కుటుంబపు సంగీతాన్నీ దాచి, బెర్లిన్ గాన సమాజం జింగ్ అకాడెమీకి ఇచ్చింది. 1829లో అదే సమాజంతో తండ్రి బాఖ్ మత్తయి పాషన్‌ను పాడించి లోకానికి మళ్లీ వినిపించిన మెండెల్సన్ ఆమెకు మనవడి వరస. రెండో ప్రపంచ యుద్ధంలో కనిపించకుండా పోయిన ఆ సమాజపు భాండాగారం 1999లో కీవ్‌లో బయటపడింది, 2001లో బెర్లిన్‌కు చేరింది. ఫ్రీడెమాన్ కాగితాలను అమ్మాడు, కానీ వాటిని ప్రేమించే శిష్యురాల్ని కూడా తయారుచేశాడు. ఒక్క పద్దు చూసి ఖాతా మూసేయడం మా వృత్తిలో తప్పు.

మా ఊరి సోమేశ్వరాలయంలో సగం పని జకణాచారిది, సగం ఆయన కొడుకు డంకణాచారిది అని పెద్దవాళ్లు చెబుతారు. చరిత్రకారులు ఒప్పుకోవాలని లేదు. చిన్నప్పుడు మా నాయన నన్ను అక్కడ నిలబెట్టి, ఏది తండ్రిది, ఏది కొడుకుది చెప్పమనేవాడు. నేను ఏది నున్నగా ఉంటే అది తండ్రిదనేవాణ్ణి. "ఎందుకురా?" అనేవాడు, అంతే. జకణాచారి కథ అందరికీ తెలిసిందే. తండ్రి చెక్కుతున్న విగ్రహంలో లోపముందని చెప్పి, రాతిలోని కప్పను చూపించాడు కొడుకు. ఫ్రీడెమాన్‌కు తండ్రి సంగీతంలో చూపించడానికి కప్ప కూడా దొరకలేదు. అదే ఆయన కష్టమేమో.

ఇప్పుడు నా సంగతి. మా నాయన ఐదు నోటు పుస్తకాల్లో పాటలు రాసుకున్నాడు. కైవారం తాతయ్య తత్వాలు, వీధి నాటకాల దరువులు, ఏ పాట ఏ మెట్టు మీద ఎత్తాలో గుర్తులు. అన్నీ తెలుగు లిపిలో. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే, బడి కాదు. ఆయన పోయాక మూడు నా వాటాకు, రెండు తమ్ముడి వాటాకు వచ్చాయి. నాకు ట్రాన్స్‌ఫరైంది. ఒకటి నాటకం వేస్తామని అడిగినవాళ్లకు ఇచ్చాను, రసీదు తీసుకోలేదు. తిరిగి రాలేదు. రెండు ఊరింటి అటక మీద ఉండిపోయాయి. పెంకులు తీసి కప్పు మార్చినప్పుడు పాత పేపర్లతోపాటు తూకానికి పోయాయి. ఖాతాదారుల దస్తావేజులను ఫైర్‌ప్రూఫ్ బీరువాలో రెండు తాళాల కింద పెట్టినవాణ్ణి. ఫ్రీడెమాన్‌కు ఆకలి ఉంది. నాకు ఆ సాకు కూడా లేదు. ఆయన్ని తిట్టే పుస్తకాలు చదివినప్పుడల్లా ఆయన తరఫున వాదించాలనిపించేది అందుకే. ఈ వ్యాసం రాస్తుంటే తెలిసింది, పూర్తిగా వాదించలేమని. మంచి సంగీతం కట్టినవాడైనా పోగొట్టింది పోగొట్టిందే.

తమ్ముడి దగ్గర రెండు మిగిలాయి. తమ్ముడి కూతురు పాడుతుంది, కానీ తెలుగు చదవలేదు. నేను చదువుతుంటే కన్నడ లిపిలో రాసుకుంటానంది. ఈ పత్రిక పాఠకుల్లో కొందరికి ఇది కష్టంగా తోస్తుందని తెలుసు. నాకూ మొదట తోచింది. కానీ కైవారం తాతయ్య తెలుగు తత్వాలు మన జిల్లా పల్లెల్లో చాలామంది చేతుల్లో ఉన్నది కన్నడ లిపిలోనే. అవి బతికే ఉన్నాయి. పెట్టెలో భద్రంగా ఉన్న కాగితం కంటే, బాకాలు చేర్చి మాట మార్చినా సరే, పాడిన కాగితం మేలు. రెండూ ఉంటే ఇంకా మేలు. అందుకని పైన తెలుగు వరస, కింద కన్నడ వరస రాయమన్నాను. తెలుగు వరస ఆమె చూసి గీస్తుంది, బొమ్మ గీసినట్టు.

పోయిన ఆదివారం మొదలుపెట్టాం. మొదటి పేజీలో మూడు మాటలు నాకే చదవరాలేదు. ఆ పాట వరస తెలిసినవాళ్లు ఊళ్లో ఒక్క ముసలమ్మ ఉందట, వచ్చే వారం ఆమె దగ్గరికి వెళ్తాం.